చూస్తున్నాను కదా

ఆరేళ్ల కిందట గుంటూరులో ఒక డాక్టరమ్మ ముందు కూర్చుని నేనొక మాట అన్నాను. చిన్న మాట. అన్నప్పుడు నోరు తడబడను కూడా లేదు. ఆ మాటను మావాళ్లంతా నమ్మారు. చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. అది అబద్ధం. దాన్ని లోపల పెట్టుకునే ఇన్నేళ్లూ పాఠాలు చెప్పాను, భోంచేశాను, ఆదివారం చర్చిలో అందరితో పాటు తల వంచాను. మోయడం అలవాటైపోతే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. అలవాటైంది, అంతే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా భార్యను ఇక్కడ కరుణ అంటాను, అసలు పేరు అది కాదు. ముప్పాళ్ళ దగ్గరి పల్లె ఆమెది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మాకు ఒక్కతే అమ్మాయి. అప్పట్లో విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుండేది.

ముందు ఫోను సంగతి చెప్పాలి. చెబితే సాకులా వినిపిస్తుందని తెలుసు. కానీ అది చెప్పకుండా మిగతాది చెప్పడం నాకు చేతకావడం లేదు.

నేను ఒకప్పుడు ఆలోచించగలిగిన మనిషిని. గొప్పకు అనడం లేదు. జామెట్రీలో ఒక చిక్కు లెక్క తగిలితే స్కూలు నుంచి ఇంటికి నడిచే దారంతా దాన్ని బుర్రలో తిప్పుకుంటూ వచ్చేవాణ్ణి. బజారు రద్దీలో కూడా ఆ బొమ్మ చెదిరేది కాదు. గుమ్మంలో చెప్పులు విడిచేలోపు లెక్క తెగేది. ఆ సుఖం నాకు తెలుసు. తర్వాత చేతిలోకి ఫోను వచ్చింది. మొదట టీచర్ల గ్రూపు, చర్చి గ్రూపు. తర్వాత రాజకీయాల కొట్లాటలు. ఆ తర్వాత వీడియోలు. తుప్పు పట్టిన కొడవలిని తోమి తళతళలాడించే మనిషి. కొండ రోడ్డు మీద లారీని వెనక్కి తిప్పే డ్రైవరు. ఎవరో, ఎక్కడో, ఏ భాషో. నాకు వాటి మీద ప్రత్యేకంగా ఇష్టమేమీ లేదు. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి వచ్చేది. పరీక్ష పేపర్లు దిద్దాలని కూర్చుని, ముందు కాసేపు చూద్దామనుకునేవాణ్ణి. ఆ కాసేపు అయ్యేసరికి కరుణ అన్నానికి పిలిచేది. క్లాసులో బోర్డు మీద సిద్ధాంతం సగం రాసి, తర్వాతి మెట్టు ఏమిటో తోచక నిలబడిపోయిన రోజులున్నాయి. తమను ఆలోచించమంటున్నాననుకుని పిల్లలు నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లు.

ఎండాకాలం సెలవులు మొదలైన వారంలో కరుణ చెప్పింది. మధ్యాహ్నం పూట. కరెంటు పోయింది. నేను వరండాలో కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాను. మిషను ఆగిపోతే ఆమె లేచి వచ్చి నా పక్కన నిలబడింది.

“ఏమండీ, ఇక్కడ ఏందో గట్టిగా తగులుతుంది. రొమ్ము పక్కన, చంక కిందుగా. నొప్పేం లేదు.”

“ఎప్పటి నుంచి?”

“మొన్న స్నానం చేస్తుంటే తెలిసింది. మన వీధి చివర లేడీ డాక్టరు ఉంది కదా, పోయి చూపించుకుని రానా?”

“ఇక్కడోళ్లకేం తెలుసే. గుంటూరులో దీనికి మంచోళ్లెవరో చూస్తా. అక్కడికే పోదాం.”

“అట్లాగేనండీ,” అంది. ఆమె ముఖంలో భయం తగ్గడం నేను చూశాను. నేను చూసుకుంటానన్నాను కదా. ఇక తను చేయాల్సింది లేదన్నట్టు లోపలికి వెళ్లి చేత్తో హుక్కులు కుట్టుకోసాగింది.

నిజంగానే చూద్దామని మొదలుపెట్టాను. డాక్టరు పేరు వెతకబోతే రొమ్ములో గడ్డల మీద వీడియో ఒకటి వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ప్రతి గడ్డా కాన్సర్ కాదు, కంగారు పడొద్దు అన్నాడు. ప్రాణం కుదుటపడింది. ఇంకొకటి చూశాను. అందులో ఒకావిడ గుండు మీద గుడ్డ కట్టుకుని తన కథ చెబుతోంది. అది వినలేక వేలితో పైకి నెట్టేశాను. తర్వాత వచ్చింది కొడవలి. దాన్ని చివరిదాకా చూశాను. డాక్టరు పేరు వెతకనేలేదు. కరెంటు వచ్చింది. లోపల మిషను మోటారు చప్పుడు మొదలైంది. రేపు చూద్దామనుకున్నాను.

మర్నాడూ అదే జరిగింది. ఆ తర్వాతా అదే. గడ్డ మాట గుర్తుకొచ్చినప్పుడల్లా భయమేసేది. ఆ భయం పూర్తిగా తెలిసేలోపే వేలు తెర మీద కదిలేది. భయం పనిగా మారాలంటే మనిషి దానితో కాసేపు ఒంటరిగా కూర్చోవాలి, అప్పుడే పొద్దున్నే లేచి బస్సెక్కుదామన్న ఆలోచన పుడుతుంది, ఆ కాసేపే నేను నాకు ఇచ్చుకోలేదు. బద్ధకస్తులు వెనకటి రోజుల్లోనూ ఉన్నారు. ఊరికే కూర్చుంటే వాళ్లకు విసుగైనా పుట్టేది, విసుగు పుట్టి లేచేవాళ్లు. నాకు విసుగు పుట్టడమే మానేసింది. పైగా, చూడటం పని చేసినట్టే ఉండేది. పసుపుతో గడ్డ కరుగుతుందని ఒకడు, బొప్పాయాకు రసమని ఇంకొకడు. వాటిని నమ్మానా? లేదు. లెక్కలు చెప్పేవాణ్ణి, ఎందుకు నమ్ముతాను? కానీ చూశాను. చూసినంతసేపూ ఆమె కోసం ఏదో చేస్తున్నాననిపించేది.

సెలవుల చివర్లో ఒకసారి, “గుంటూరు సంగతి ఏమైందండీ?” అని అడిగింది.

“చూస్తున్నాను కదా,” అన్నాను. కాస్త విసుగ్గా. ఫోను ఎత్తి చూపించాను కూడా.

ఆమె నమ్మింది. ఎంతగా నమ్మిందో నాకు తర్వాత తెలిసింది. స్కూళ్లు తెరిచాక ఒక సాయంత్రం పక్కింటి పిన్ని జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చింది. “ఏంది కరుణా, మీ ఆయన ఎప్పుడు చూసినా ఆ ఫోన్లోనే ఉంటాడు” అంది, నాకు వినపడాలనే. కరుణ లోపలి నుంచి, “నా పని మీదే చూస్తున్నార్లే పిన్నీ” అంది. నేను వరండాలోనే ఉన్నాను. తెర మీద లారీ లోయ అంచున వెనక్కి తిరుగుతోంది. దాన్ని ఆపలేదు. లారీ పూర్తిగా తిరిగేదాకా చూశాను.

కరుణ అన్న మాటలన్నింటిలో నన్ను ఇప్పటికీ కోసేది అదే.

కరుణ వాళ్లన్న పిడుగురాళ్లలో ఉంటాడు. నేను ఆయన్ని బావ అంటాను, ఆయనా నన్ను అట్లాగే పిలుస్తాడు. సున్నం బట్టీల నుంచి సరుకు తోలే లారీలున్నాయి. ఇంట్లో కారుంది. దసరాకు ముందు కరుణ, అన్నకు ఒక మాట చెబుదామా, కారేసుకుని వచ్చి తీసుకుపోతాడు అంది. వద్దన్నాను. ఆయనకు చెబితే ఊరంతా తెలుస్తుందన్నాను. సెలవుల్లో నేనే తీసుకుపోతానన్నాను. అమ్మాయి ఇంటికొస్తుంది, దానికి కూడా చెప్పొద్దు, చదువు మీద దెబ్బ పడుతుందన్నాను. అన్నింటికీ సరేనంది. దసరాకు అమ్మాయి వచ్చింది. అమ్మ పక్కనే పడుకుంది. వెళ్లిపోయింది. ఆ సెలవుల్లో ఏ రోజూ గుంటూరు వెళ్లకూడదని నేను నిర్ణయించుకోలేదు. ఏ రోజుకారోజు, ఈ ఒక్కటి చూసి లేద్దామనుకున్నాను.

తనే వెళ్లొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నన్ను నేను వెనకేసుకొచ్చిన రోజుల్లో నేనూ అదే అనుకున్నాను. కానీ మొదటి రోజే వెళ్తానన్న మనిషిని ఆపిందెవరు? వీధి చివరకు. నడిచి వెళ్లేంత దూరం.

క్రిస్మస్‌కు ముందు చర్చిలో ఆడవాళ్లంతా కలిసి గోడలకు రంగు కాగితాలు కడుతుంటే కరుణ చెయ్యి పైకెత్తలేక కింద కూర్చుండిపోయింది. చెయ్యి వాచి ఉంది. పాస్టరు గారి భార్య చూసి, నాకు కాదు, బావకు ఫోను చేసింది. ఆయన బట్టల మీద సున్నం దుమ్ము దులుపుకోకుండానే వచ్చాడు. ముగ్గురం కార్లో గుంటూరుకు బయలుదేరాం. టీ తాగడానికి ఆగకుండా పోతే ఎంతసేపని. ఎండాకాలం నుంచి నేను దాటలేకపోయిన దూరం అంతే.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. తెర వెనక పరీక్ష చేసి వచ్చి, చేతులు కడుక్కుని కూర్చుంది. కరుణ జాకెట్టు సర్దుకుని నా పక్కన కూర్చుంది. బావ తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఇది?”

“ఎండాకాలం నుంచండీ,” అంది కరుణ.

“ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు? ఎందుకు రాలేదు?”

కరుణ నా వైపు చూసింది. నింద వేసే చూపు కాదు అది. బయట ఎవరేమడిగినా, అమ్మాయి ఏ గ్రూపు చదువుతోందని అడిగినా సరే, జవాబు నేను చెబుతానని నా వైపు చూడటం ఆమెకు అలవాటు. ఆ చూపే.

“మాకు చెప్పలేదండీ. దాచుకుంది,” అన్నాను.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “భర్తకన్నా చెప్పకపోతే ఎట్లా తల్లీ?” అంది. కోపంగా కాదు, అలసటగా. ఆ మాట ఆవిడ చాలామందితో అని ఉంటుంది.

కరుణ తల దించుకుంది. కొంగు అంచు మడతపడితే వేలితో సరిచేసుకుంది.

“సిగ్గేసిందండీ,” అంది.

అంతే జరిగింది. మీకు చెప్పాల్సింది ఇదే. మిగతాదంతా దీని వెనకాల వచ్చింది.

ఆ మాట నాకెక్కడి నుంచి వచ్చింది? ముందే అనుకుని అన్నది కాదు. బహుశా నా బుర్రకు అప్పటికి అదే అలవాటైంది, చూడలేనిది ఎదురైతే చప్పున నెట్టేయడం. వీడియోలో గుండు మీద గుడ్డ కట్టుకున్న ఆ ఆడమనిషిని నెట్టేసినట్టే కరుణనూ నెట్టేశాను. ఇట్లా రాస్తే లోతుగా ఆలోచించినట్టు ఉంటుంది, తప్పు బుర్రదైపోతుంది, నేను కాస్త పక్కకు జరుగుతాను. కాదు. బావ తలుపు దగ్గర ఉన్నాడు. ఆయనకు భయపడ్డాను. సంగతి అంతకంటే పెద్దదేమీ కాదు.

మరి ఆమె ఎందుకు ఒప్పుకుంది? అన్న ముందు నా పరువు కాపాడాలనా? అక్కడ వాదించే ఓపిక లేకనా? లేక నేనెట్లాంటి మనిషినో ఆ క్షణంలో తెలిసిపోయి, ఇక చెప్పడానికేమీ లేదనిపించిందా? మొదటిది నిజమైతే బాగుండునని నా ఆశ. చివరిదే నిజమని నా భయం.

తిరుగు దారిలో బావ కారు నడుపుతూ చెల్లెల్ని తిడుతూనే ఉన్నాడు. “నాకొక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయిందే? ఏంది నీ సిగ్గు? అమ్మ ఉంటే అమ్మకు చెప్పేదానివి కాదా?” అంటూ ఏడ్చాడు. వెనక సీట్లో కరుణ కిటికీలోంచి బయటకు చూస్తోంది. నేను ముందు సీట్లో ఆయన పక్కన. ఫిరంగిపురం దాటాక నా చెయ్యి జేబులోకి వెళ్లి ఫోను తీసింది. ఆ కార్లో కూర్చుని నేను ఫోను చూశాను.

ఆపరేషను చేశారు. మందులు ఎక్కించారు. జుట్టంతా ఊడింది. సెలవు పెట్టి నేనే తీసుకుపోయేవాణ్ణి, బల్ల మీద పడుకోబెట్టి పక్కన కూర్చునేవాణ్ణి. భార్యకు ఇంత సేవ చేసే మగాళ్లు ఎవరున్నారని చర్చిలో ఆడవాళ్లు అనుకునేవాళ్లు. ఆ మాట కరుణ కూడా విని ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం పక్కన కూర్చుని, “కరుణా, ఆ రోజు డాక్టరమ్మ దగ్గర…” అని మొదలుపెట్టాను.

“ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి. చలేస్తుంది,” అంది.

లేచి తగ్గించి వచ్చాను. మళ్లీ మొదలుపెట్టలేదు. ఆపింది ఆమెనా, ఆగిపోయింది నేనా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఒకటే తేలుతుంది. ఫ్యాను తగ్గించడానికి ఎంతసేపు పడుతుంది? తర్వాత మధ్యాహ్నమంతా మిగిలే ఉంది.

ఆ మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక కరుణ పోయింది. ముందుగా వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరమ్మను ఒకసారి అడిగాను. కచ్చితంగా చెప్పలేను, కానీ అప్పుడు చేయడానికి చాలా ఉండేది అంది. భూస్థాపన రోజు పాస్టరు గారు, ఇంటివాళ్లను బాధపెట్టకూడదని నొప్పిని తనలోనే దాచుకున్న తల్లి అని ప్రార్థించారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజం. దాని కింద ఉన్నది అబద్ధం.

అప్పటి నుంచి కరుణ పేరు మా చర్చిలో ఒక హెచ్చరిక అయింది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, కరుణలాగా దాచుకోవద్దమ్మా అంటారు. మంచికే అంటారు. ఎదురుచూసి ఎదురుచూసి అలసిన మనిషి, మొండిగా దాచుకున్న మనిషిగా మిగిలిపోయింది.

మా అమ్మాయి సంగతి ఇంకా ఘోరం. అది నర్సింగ్ చదివింది, ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తోంది. తల్లి పోయిన కొత్తలో ఒకసారి, “దసరాకి పక్కనే పడుకున్నా నాన్నా. నాక్కూడా చెప్పలేదు. అమ్మ నన్ను నమ్మలేదు,” అంది. నేను దాని తల నిమిరాను. నోరు విప్పలేదు. ఆ తర్వాత అది అమ్మ మాట ఎత్తడం మానేసింది. చీర ఒక్కటి తీసుకోమన్నా తీసుకోలేదు. సమాధి దగ్గరకు రమ్మంటే డ్యూటీ ఉందనేది. దాని ఎదురుగా నేను ఎన్నిసార్లు కూర్చున్నానో. ప్రతిసారీ తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాతకూ, గుంటూరు వెళ్దామనుకున్న ఆ తర్వాతకూ ఏమీ తేడా లేదు. చెప్పలేక ఫోను తీసేవాణ్ణి. నాన్నకు ఒంటరితనం, అదైనా కాలక్షేపం అని నా కూతురే రీఛార్జి చేయించేది.

పోయిన నెలలో ఒక ఆదివారం ఇంటికొచ్చింది. చర్చిలో స్త్రీల కూడికలో ఆరోగ్యం మీద మాట్లాడమని పాస్టరు గారి భార్య అడిగిందట. అన్నాలు తిన్నాక, ఇంకా కంచాల ముందే ఉన్నాం.

“అమ్మ గురించే చెప్పాలనుకుంటున్నా నాన్నా. నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్తా. నీకైనా ఎప్పుడూ ఏం అనలేదా? మాట వరసకైనా?”

లేదమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. ఎందుకు ఆగిందో తెలియదు. నాలో మంచి మేలుకున్నదని రాయలేను. అందరి ముందు నిలబడి నా కూతురు తన నోటితో ఆ అబద్ధం చెప్పబోతోంది. అది చూడలేననిపించింది.

“అనిందమ్మా. మొదట్లోనే అనింది. తనే డాక్టరు దగ్గరకు పోతానంది. నేనే ఆపాను. నీకూ మామయ్యకూ చెప్పొద్దన్నదీ నేనే.”

అది చేతిలో గ్లాసు కింద పెట్టింది. “మరి దాచుకుందని ఎవరన్నారు?” అంది.

“నేనన్నాను.”

“ఆ నెలలన్నీ ఏం చేస్తున్నావు నాన్నా?”

“ఫోను చూస్తున్నా.”

నా జవాబు నా చెవిన పడింది. తాగుడో, ఇంకో ఆడదో, చేతిలో పైసా లేకపోవడమో అయితే ద్వేషించడానికైనా దానికి ఏదో ఒకటి దొరికేది. నా దగ్గర ఆ మాత్రం కారణం కూడా లేదు. అది నా ముఖంలోకి చూస్తూనే ఉంది, ఇంకేదో చెబుతానని.

అది ఏడవలేదు. రెండు కంచాలూ తీసి కడిగి బోర్లించింది. బ్యాగు తగిలించుకుంది. బస్టాండుదాకా వస్తానని లేస్తే, “రావొద్దు,” అంది. గొంతు మామూలుగానే ఉంది. అట్లా వెళ్లిన పిల్ల ఇప్పటిదాకా నా ఫోను ఎత్తలేదు. బస్టాండుకు పోలేదని, చీకటి పడేదాకా వాళ్లమ్మ సమాధి దగ్గర కూర్చుందని, భూస్థాపన తర్వాత అక్కడికి పోవడం అదే మొదటిసారి కదా అని, పాస్టరు గారి భార్య తర్వాత చెప్పింది. ఏమైందని ఆవిడ నన్నడిగింది. ఆవిడకు చెప్పలేకపోయాను.

బావకు అమ్మాయి చెప్పిందో లేదో తెలియదు. వాకిట్లో కారు ఆగిన చప్పుడైతే ఆయనేమోనని లేచి తొంగి చూస్తాను. రాకపోతే నేనే పిడుగురాళ్ల వెళ్లాలి. ఈ వారం అనుకున్నాను. వెళ్లలేదు. ఫోను మానేశానని రాయగలిగితే బాగుండేది. మానలేదు. ఇది రాస్తూ కూడా మధ్యలో తీశాను, చూశాను, సిగ్గుపడి పెట్టేశాను, మళ్లీ రాశాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉండేదో ఆమెకు చెప్పాల్సిన మధ్యాహ్నాలన్నీ నేను పోగొట్టుకున్నాను. నా కూతురు తిరిగొస్తుందో రాదో, వచ్చినా నాన్నా అంటుందో అనదో. అది దాని ఇష్టం. నేను చేయగలిగిందల్లా ఆ గదిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం. ఆరేళ్లు ఆలస్యంగా, పేరు కూడా పెట్టకుండా, ముక్కూముఖం తెలియని మీ ముందు.

కరుణ ఏమీ దాచుకోలేదు. తెలిసిన రెండో రోజో మూడో రోజో వచ్చి నా పక్కన నిలబడి చెప్పింది. నేను విన్నాను. విని కూర్చున్నాను.

ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాశాను.